మోటారుకు కళ్లెం

పిల్లలూ! మన ఆర్మూరు ప్రాంతంలో పసుపు అమ్మకాలు ముగిసి పెండ్లిళ్లు మొదలైతే దర్జీకి తీరిక ఉండదు. ఆ వెనుకనే జూన్ నెల, మీ బడిబట్టల వంతు. పొద్దస్తమానం కాలితో పలక తొక్కవలసిందే. ముప్పై ఏండ్లు తొక్కిన మోకాళ్లు ఊరుకుంటాయా? మిషను మాత్రం పోత ఇనుముది, చెక్కుచెదరదు. అందుకే దాన్ని అమ్మకుండా, దానికే మోటారు పెట్టించుకుంటారు.

ముందు కాలిమిషను సంగతి చూద్దాం. బల్ల కింద పెద్ద చక్రం, పైన చిన్న చక్రం, రెంటినీ కలుపుతూ తోలుపట్టా. చిన్న చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక కుట్టు. మీ ఇంట్లో మిషను ఉంటే, అమ్మను దగ్గర ఉంచుకొని, దారం తీసి, పెద్ద చక్రాన్ని చేత్తో ఒక్కసారి తిప్పండి. సూది ఎన్నిసార్లు దిగిందో లెక్కపెట్టండి. సుమారు నాలుగుసార్లు దిగుతుంది, మిషనుకొక లెక్క. వేలు మాత్రం సూది దగ్గరకు పోనీయకండి.

ఇక మోటారు. ఈ పనికి వాడే ఒక రకం నిమిషానికి దాదాపు 1440 చుట్లు తిరుగుతుంది. మోటారు కప్పీ 2 అంగుళాలు, మిషను చక్రం గాడి 3 అంగుళాలు అనుకోండి. 1440ని 2తో హెచ్చించి 3తో భాగిస్తే 960. అంటే సెకనుకు 16 కుట్లు! కాలరు మూల తిప్పేటప్పుడు ఈ వేగమైతే గుడ్డా పాడు, వేలికీ ముప్పు. దర్జీ కాలికి వచ్చిన అసలు విద్య నిదానం. మూల దగ్గర రెండే రెండు కుట్లు వేసి ఆపగలదు. మోటారుకు ఆ విద్య రాదు. స్విచ్చి వేస్తే పరుగు; తీసినా వెంటనే నిలవదు.

ఈ చిక్కు తీర్చేదే క్లచ్చి. మోటారు ఇరుసుకు బరువైన చక్రం ఒకటి ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది. దాని పక్కనే, అంటీముట్టనట్టు, బెండు అతికించిన బిళ్ల. పట్టా తగిలించే కప్పీ ఈ బిళ్లకే ఉంటుంది. కాలు మెల్లగా నొక్కితే బిళ్ల చక్రాన్ని రాసుకొని, జారుతూ, నెమ్మదిగా తిరుగుతుంది. గట్టిగా నొక్కితే అంటుకుపోయి దానితోపాటే పరుగెత్తుతుంది. కాలు తీశామా, స్ప్రింగు దాన్ని వెనక్కు లాగి బ్రేకుకు ఆనిస్తుంది. నెమ్మదిగా కుట్టేటప్పుడు కూడా బరువుచక్రం బలం వెనుక ఉంటుంది గనుక, ప్యాంటు నడుము మడతలోనూ సూది మొరాయించదు. మిషను వీపుకు బిగించే చిన్న మోటార్లకు అంత బలం లేదు. నన్నడిగితే, రోజంతా కుట్టేవారికి అవి చాలవు.

బిగించేటప్పుడు పెద్ద చక్రాన్నీ, దాన్ని తిప్పే కడ్డీనీ తీసేస్తారు. పలకను గొలుసుతో క్లచ్చికి కలుపుతారు. మోటారు బరువు చెక్కబల్ల మీద పడుతుంది. చెక్కకు చెదలు పట్టి ఉంటే ముందు అది మార్పించాలి. చిన్న చక్రం కుట్టేవారి వైపే తిరగాలి, ఎదురు తిరిగితే దారం చిక్కుపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కాళ్లు ఇనుపవి, వాటి మీదే కరెంటు వచ్చి కూర్చుంటున్నది. తెలిసిన పనివానిచేత ఎర్తుతీగ వేయించకుండా స్విచ్చి వేయరాదు. నూనె కూడా ఇక రోజూ వేయాలి.

ఇన్నేండ్లు ఊగిన కాలు కొత్తలో పలకను ఊపుతూనే ఉంటుంది. మిషను ఎగిరి దూకుతుంది, టక్కున ఆగుతుంది. నాలుగు రోజులు చింకిగుడ్డల మీద సాధన చేయవలసిందే. మీ కొత్త చొక్కా గుడ్డ ఆ తరువాత ఇవ్వండి.