స్టార్టర్ డబ్బా జిల్లుమంటోందా? ఇవాళే ఆపండి

మృగశిర కార్తె ముంగిట ఉంది. తొలి వాన పడగానే సిరికొండ మండలంలో ప్రతి బోరు దగ్గరా రైతు తడి చెయ్యి స్టార్టర్ డబ్బా మీద పడుతుంది. ఆలోపే ఈ మాటలు చదవండి, ఇంట్లో చదవలేని వారికి చదివి వినిపించండి.

"డబ్బా ముట్టుకుంటే కొంచెం జిల్లుమంటది, ఏం కాదు" అనడం మన పొలాల్లో మామూలైపోయింది. కానీ అది చిన్న విషయం కాదు. లోపల వైరు తొడుగు ఊడి ఫేజు ఇనుప డబ్బాకు తగిలిందని, ఆ కరెంటును భూమిలోకి గుంజాల్సిన ఎర్త్ పనిచేయడం లేదని దాని అర్థం. నిన్న పొడి నేల మీద చెప్పులతో ఉన్నారు కాబట్టి బతికారు. రేపు తడి మడిలో ఉత్త కాళ్లతో నిలబడితే, ఒంట్లోంచి ఆంపియరులో పదో వంతు పోయినా గుండె ఆగిపోవచ్చు.

ఫ్యూజు కాపాడుతుందన్న భరోసా వద్దు. 230 వోల్టుల కరెంటు 100 ఓమ్‌ల ఎర్త్ గుండా పోతే రెండున్నర ఆంపియర్లు కూడా పారవు. 10 ఆంపియర్ల ఫ్యూజు దానికి కదలదు, డబ్బాలో కరెంటు అట్లాగే ఉంటుంది. ఎర్త్ 5 ఓమ్‌లకు దిగితే ఫ్యూజు ఎగిరిపోయేంత కరెంటు పారుతుంది.

ఓమ్‌లు అలా దిగాలంటే ఎర్త్ చుట్టూ తడి ఉండాలి. సముద్రంలో తెరచాప పడవలకు రేడియో యాంటెన్నా కట్టేవాళ్లు ఎర్త్ కోసం లోహపు పలకను పడవ అడుగున ఉప్పునీటికి తగిలేలా బిగిస్తారు. మన ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోసేదీ ఆ తడి ఉప్పు కోసమే. వాళ్ల చుట్టూ సముద్రం ఉంది, మన గుంట మాత్రం ఎండాకాలంలో ఎండిపోతుంది.

అందుకే ఈ వారంలోనే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి గుంట, తుప్పుపట్టిన తీగ, డబ్బా చూపించండి. ఎర్త్ తీగను న్యూట్రల్‌గా వాడి బల్బు వెలిగించకండి. ఫ్యూజుకు లావు తీగ చుట్టకండి. ట్రాన్స్‌ఫార్మర్ మీద సొంతంగా చెయ్యి వేయకండి, 1912కు ఫోన్ చేయండి. అడవి పందుల కోసం కంచెకు కరెంటు పెట్టకండి, అది నేరం, మనుషుల ప్రాణాలు తీస్తుంది.

ఇంటి దగ్గర జీఐ తీగ దండెం తీసేసి ప్లాస్టిక్ తాడు కట్టండి. డిష్ యాంటెన్నా పైపును 11 వేల వోల్టుల తీగలకు దూరంగా నిలపండి, పడినా వాటికి తగలనంత దూరం ఉండాలి. మబ్బు పట్టగానే, ఉరుము వినిపించకముందే, టీవీ ప్లగ్గు, డిష్ కేబుల్ ఊడదీయండి. మోటరు ఎర్త్ పిడుగును ఆపలేదు. ఉరిమితే బోరును, చెట్టు నీడను వదిలి పక్కా ఇంట్లోకి పోండి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగండి.

ఎవరికైనా షాక్ కొడితే ముట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి, తర్వాత 108కి చెప్పండి.

ఎర్త్ గుంట బాగయ్యాక దాన్ని మళ్లీ ఎండనివ్వకండి. మోటరు ఆపి ఇంటికి బయలుదేరే ముందు, కరెంటు తీసేసి, ఒక బిందె నీళ్లు దానికి పోసి రండి.