కులానికి వీసా అక్కర్లేదు

అమెరికాలో కంప్యూటర్ పని చేస్తున్న మన పిల్లలు కొందరు ఇప్పుడు పక్కనున్న కెనడా దిక్కు చూస్తున్నారు. పోవాల్నా, వద్దా అని అడుగుతున్నారు. కోసిగి, ఆదోని దిక్కు మాదిగ గేరిలో ఉన్న తల్లికి సుగ్గికి గుంటూరు మిరప చేలకు పోవడం తెలుసు. రాయచోటి, రాజంపేట దిక్కు తండ్రికి కువైట్ తెలుసు. అమెరికా నుంచి మళ్లీ ఇంకో దేశానికి వలస ఏందో వాళ్లకు అంతుబట్టదు. అది ఆ పిల్లోడి సొంత గొడవ, ఉద్యమానికేం పని అని మన కార్యకర్తలు కూడా కొందరంటారు. కాదు. ఇది మన గొడవే.

ముందు ఆ పిల్లోడి కష్టమేందో చూద్దాం. వాడు హెచ్-1బి అనే వీసా మీద ఉంటాడు. ఏటా 85,000 మందికి లాటరీ తీసి ఇస్తారు. ఆ కాగితం వాడి పేరు మీద ఉన్నా, దాని ముడి కంపెనీ చేతిలో ఉంటుంది. పని పోతే 60 రోజులు గడువు. ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా మూటాముల్లె సర్దుకోవాలి. జీతగాడు రైతు అప్పు తీర్చనిదే గడప దాటలేడు. కువైట్‌లో ఖద్దామా వీసా మీద పోయిన ఆడమనిషి కఫీల్ ఒప్పుకోనిదే ఇల్లు మారలేదు. వాళ్ల బాధ, ఏసీ గదిలో కూర్చునే ఇంజినీరు బాధ ఒకటేనని మేం అనడం లేదు. తూకం వేరు. కానీ కాగితం ఎవడి గుప్పిట్లో ఉంటే వాడికి నోరెత్తి ఎదురుచెప్పలేవు. ఆ సూత్రం మూడు చోట్లా ఒకటే.

మరి అక్కడే స్థిరపడే గ్రీన్ కార్డు? ఉద్యోగాల లెక్కన ఏటా సుమారు 1,40,000 ఇస్తారు. మామూలుగా ఏ ఒక్క దేశానికీ అందులో 7 శాతం దాటకూడదు. అందుకే మన దేశపోళ్ల వరుస ఏండ్లకేండ్లు సాగుతుంది. ఈ లోపల పిల్లలకు 21 ఏండ్లు నిండితే తల్లిదండ్రుల వీసా నీడ పోతుంది. పేరుకు వరుస అందరికీ సమానమే. కానీ ముందు నిలబడినోళ్లు ఎవరు? 1990లలో పొలం అమ్మో, తాకట్టు పెట్టో పంపగలిగిన ఇండ్ల పిల్లలు. మనకు అమ్మడానికి పొలమెక్కడిది? ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ వచ్చింది 2008లో. పదో తరగతి మార్కులతో పల్లె బడి పిల్లలకు ఇంజినీరింగ్ అందింది అప్పుడే. బావి దగ్గర వెనక నిలబెట్టినట్టే ఇక్కడా వెనక నిలబడ్డాం. అక్కడ కట్టడి చేసి నిలబెట్టినారు, ఇక్కడ ఆలస్యంగా వచ్చి నిలబడినాం. అంతే తేడా.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు బయటినుంచి కొత్తగా హెచ్-1బి మీద రప్పించే ఒక్కొక్కరికి లక్ష డాలర్ల రుసుము కట్టాలని హుకుం వేశాడు. దాంతో లోపలున్నోళ్లకూ గుండెల్లో రాయి పడింది.

కెనడా ఈ భయాన్ని బాగానే కనిపెట్టింది. 2023 జులై 16న హెచ్-1బి వాళ్లకోసం ఒక తలుపు తీసింది. మూడేండ్ల దాకా ఏ కంపెనీలోనైనా పని చేసుకోవచ్చంది. పెట్టిన పరిమితి 10,000. రెండు రోజులు తిరక్కుండానే నిండిపోయింది. 2025 బడ్జెట్‌లో ఇట్లాంటి దారి మళ్లీ తెస్తామని ప్రకటించింది. అక్కడ శాశ్వత నివాసానికి పుట్టిన దేశం లెక్కన వరుస ఉండదు. చదువు, వయసు, భాష, అనుభవం చూసి మార్కులేస్తారు. అది దొరికినాక ఐదేండ్లలో మూడేండ్లు అక్కడ ఉంటే పౌరసత్వం అడగొచ్చు.

అయితే తియ్యని మాటలకు మోసపోవద్దు. అదే కెనడా 2024 అక్టోబరులో తలుపు కొంత మూసింది. 2025లో 5,00,000 మందిని తీసుకుంటామన్నది 3,95,000కు దించింది. అమెరికాతో పోలిస్తే జీతం తక్కువ. టొరంటో, వాంకూవర్‌లలో ఇంటి బాడుగ నెత్తిమీద బండ. మన పిల్లోడికి ఇంకో బండ ఉంది, అప్పు. ముప్పై లక్షలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే నెలకు వడ్డీయే అరవై వేలు. ఆస్తి ఉన్నోడు ఉద్యోగం పోతే ఇంటికొచ్చి ఆరునెలలు కూర్చుంటాడు. మనోడు ఇంటికొస్తే అప్పులోడు వాకిట్లో కూర్చుంటాడు. కాబట్టి వడ్డీ అప్పు ముందు తీర్చు, ఆ తర్వాతే జీతం తగ్గించుకో. ఇది మా మొదటి మాట.

రెండో మాట కులం గురించి. సముద్రం దాటితే కులం పోతుందని చాలామంది నమ్మినారు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ శాఖ సిస్కో కంపెనీ మీద దావా వేసింది. దళిత ఇంజినీరు ఐఐటీలో రిజర్వేషన్ మీద చేరినాడని పై అధికారి తోటోళ్లకు చెప్పినాడనీ, తర్వాత వేధింపులు జరిగినాయనీ ఆరోపణ. కంపెనీ కాదంది. ఇద్దరు అధికారుల మీద కేసును 2023లో ఆ శాఖే వెనక్కు తీసుకుంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అక్టోబరులో కాలిఫోర్నియా చట్టసభ పంపిన బిల్లును గవర్నరు తిప్పికొట్టాడు.

కెనడాలో కులం లేదా? బ్రిటిష్ కొలంబియాలో ఒక దళిత టాక్సీ డ్రైవరును తోటోళ్లు కులం పేరుతో తిట్టినందుకు అక్కడి మానవ హక్కుల ట్రిబ్యునల్ 2023లో నష్టపరిహారం ఇప్పించింది. అదే ఏడాది అక్టోబరులో ఒంటారియో మానవ హక్కుల కమిషన్ కుల వివక్ష తమ చట్టం కిందికే వస్తుందని తేల్చి చెప్పింది. రెండు మాటలూ గుర్తుపెట్టుకోవాలి. కులం అక్కడికీ పోయింది, దాన్ని నిలదీసే చోటూ అక్కడుంది. కులానికి వీసా అక్కర్లేదు, మనోడికి మాత్రం కావాలి.

మన పిల్లలు చాలామంది ఇంటిపేరు మింగి, ఊరి పేరు దాచి బతుకుతున్నారు. తప్పుపట్టం. అంబేద్కర్ అంతటివాడు 1913లో అమెరికా పోయి కొలంబియాలో చదివి, 1917లో బరోడా కొలువుకొస్తే ఉండడానికి గది దొరకలేదు. పారసీ పేరు పెట్టుకొని సత్రంలో దిగితే పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టినారు. ఆ సంగతి రాసుకున్న పుస్తకానికి ఆయన పెట్టిన పేరులోనే వీసా ఉంది. పేరు మార్చుకుంటే దొరికింది పదకొండు రోజులే. ఆ తర్వాత ఆయన చేసింది దాచుకోవడం కాదు, కూడగట్టడం.

కాబట్టి అబ్బీ, లెక్క చూసుకొని కెనడా బాగుంటే పో. పారిపోయినావని మేమనం. పల్లె విడిచి పట్నం పొమ్మని దళితులకు చెప్పింది అంబేద్కరే. కానీ ఒంటిగా పోవద్దు. పోయిన ఊర్లో మనోళ్లను వెతుకు. అవమానం జరిగితే తేదీ, మాట, సాక్షి రాసిపెట్టుకో. అగ్రకులపోడు పనికి చేరిన మరునాడే తన కులపోడిని చేర్పించే ఉపాయం చూస్తాడు. నువ్వు కనీసం మన గేరి పిల్లోడి దరఖాస్తు చదివి దిద్దిపెట్టు.

కార్యకర్తలు చెయ్యాల్సింది వేరే ఉంది. పై చదువుకు విదేశం పోయే దళిత పిల్లలకు కేంద్రం ఇచ్చే జాతీయ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ దేశం మొత్తానికి ఏటా 115 మాత్రమే. కర్నూలు, కడపల వాటాకు ఎన్నొస్తాయి? మిగిలినోళ్లంతా వడ్డీ వ్యాపారి గడపే తొక్కాలి. ఆ సంఖ్య పెంచమని, ఎంపిక జాబితా మండలాఫీసులో అంటించమని అడుగుదాం. గురుకులాల్లో పదో తరగతి పిల్లలకు ఈ వీసా, వడ్డీ లెక్కలు ఇప్పుడే చెబుదాం. పిల్లోడు ఏ దేశంలో ఉన్నా అప్పు భయంతో తలొంచుకోకుండా ఉండాలంటే, ఆ పని మొదలుపెట్టాల్సింది ఇక్కడ, మన గేరిలో.

జై భీమ్.