చెప్పుకొనుటకు చోటు

అమెరికాలోని సదరన్ బాప్టిస్టులు 1993లో ‘ట్రూ లవ్ వెయిట్స్’ అను ఉద్యమమును ఆరంభించి, వివాహపర్యంతము శీలమును కాపాడుకొందుమని కౌమారవయస్కులచేత కార్డులపై సంతకములు చేయించి, మరుసటి వేసవిలో వాషింగ్టన్ నగరపు మైదానమున రెండు లక్షలకు పైబడిన అట్టి కార్డులను బారులు తీర్చి ప్రదర్శించిరి. ఉద్దేశము నిర్మలమైనదే. కాని 2009లో జానెట్ రోజెన్‌బామ్ అను పరిశోధకురాలు, ఇట్టి ప్రతిజ్ఞ చేసినవారిని, అన్ని విధముల వారిని బోలియుండియు చేయనివారిని సరిపోల్చి చూడగా, ఐదేండ్ల పిమ్మట ఉభయుల లైంగిక ప్రవర్తనయందును చెప్పుకోదగిన భేదము కానరాలేదు. పైగా ప్రతిజ్ఞ చేసినవారిలో నూటికి 82 మంది, తామట్టి ప్రతిజ్ఞ ఎన్నడును చేయలేదనిరి.

ఈ తుది సంఖ్యయే నన్ను ఎక్కువగా ఆలోచింపజేయుచున్నది. వారందరు అబద్ధికులని నేననుకొనను. పెద్దల సంతోషము కొరకు పెద్దల మాటలలో చేసిన వాగ్దానము వారి జ్ఞాపకముననైనను నిలువలేదనుట సమంజసము. మన తెలుగు సంఘములలో కార్డుల వాడుక అంతగా లేదు గాని, యూత్ మీటింగుల కడపటి రాత్రి, కీబోర్డు మెల్లగా మ్రోగుచుండగా, కన్నులు మూసికొని చేతులెత్తి చేయు తీర్మానములు కలవు. ఒకప్పుడు సినిమాలు మానెదమని లేచిన చేతులే ఇప్పుడు ఇన్‌స్టాగ్రాం మానెదమని లేచుచున్నవి. సోమవారమునాటికి ఫోను చేతిలోనే యుండును.

అసలు మనము తీర్మానము చేయించు విషయమే సంకుచితమైనది. అంతర్జాలమనగానే మన బోధకులకు అశ్లీల దృశ్యము తప్ప వేరొక పాపము తోపదు. ఉదయము సంఘపు వాట్సాప్ గ్రూపులో ‘ఈ దిన వాగ్దానము’ చిత్రమును తప్పక పంపు బాలుడు, రాత్రి పది గంటలకు తోటి విద్యార్థిని పేరిట ఫేక్ ఐడీ తెరచి, ఆమె తన స్నేహితురాలికి చాటుగా వ్రాసికొనిన మాటల స్క్రీన్‌షాట్‌ను క్లాసు పిల్లలందరికి పంపును. పది ఆజ్ఞలలో అబద్ధసాక్ష్యమును గూర్చినదానిని మీరితినన్న స్పృహయే ఆ బాలునకు ఉండదు, ఏలయన సండే స్కూలులో దానిని కంఠస్థము చేయించిననాడు ఎవరును ఫోనుతో ముడిపెట్టి చెప్పలేదు. కామెంట్లలో ఒక మనిషిని గేలిచేయుట, నిజమో కాదో విచారింపక పరమతస్థులపై నిందను ఫార్వర్డు చేయుట అనునవి పెద్దలే నిత్యము చేయుచుండుటచేత కాబోలు, మన ప్రసంగములకు ఎక్కవు.

ఇంతకంటె గడ్డు విషయము బెదిరింపు. ఆన్‌లైన్‌లో పరిచయమైన వాడెవడో నమ్మించి ఒక నగ్నచిత్రమును రాబట్టి, డబ్బు పంపకున్న నీ తలిదండ్రులకును మీ పాస్టరు గారికిని పంపెదనని హడలగొట్టుట నేడు లోకమంతట జరుగుచున్న నేరము. ఇంటిలో ఏమందురోయన్న పిల్లల భయమే ఆ దుష్టునకు పెట్టుబడి. భక్తిగల ఇల్లని పేరుపడిన కొలది ఆ భయము హెచ్చును. అట్టి తరుణమున చేయవలసినవి దుష్కరములు కావు: డబ్బు పంపరాదు, సంభాషణను చెరిపివేయరాదు, బాలల సహాయ సంఖ్యయైన 1098కు గాని సైబరు నేరముల సహాయ సంఖ్యయైన 1930కు గాని తెలుపవలెను. పద్దెనిమిదేండ్లలోపు దిగిన చిత్రమైనచో ‘టేక్ ఇట్ డౌన్’ అను ఉచిత సేవ, చిత్రము ఫోను దాటి పోకయే దాని సంఖ్యారూపమైన గుర్తును మాత్రము గ్రహించి, అందు చేరిన వేదికలు దానిని పట్టి తొలగించుటకు తోడ్పడును. తోటి బాలిక యొక్క అట్టి చిత్రమును వేడుకకు పంచుకొనుట ఐ.టి. చట్టపు 67బి సెక్షను క్రింద నేరమని బాలురకు కూడ ముందే తెలియవలెను. సొదొమ గొమొఱ్ఱాలపై గంటసేపు ప్రసంగింపగల మనము, ఈ రెండు ఫోను నంబర్లను ఆదివారపు ప్రకటనలలో ఒక్కమారైనను చదివితిమా?

తప్పు చేసిన సహోదరుని మొదట ఒంటరిగా కలిసి మాటలాడవలెనని మత్తయి సువార్త 18వ అధ్యాయము క్రమమేర్పరచినది. మనవారు సంఘమంతటికి చెప్పు కడపటి మెట్టుతోనే ఆరంభింతురు. ‘మన సంఘపు ఆడపిల్ల ఒకతె రీల్స్ చేయుచున్నదట’ అని, పేరు చెప్పకయే చెప్పినట్లు, పుల్పిట్ నుండి అన్నంతనే ఆ పిల్లయేగాక వినిన పిల్లలందరును రెండవ అకౌంటు తెరచుట నేర్చుకొందురు.

పర్యవేక్షణ వలదనుట నా మతము కాదు. పన్నెండేండ్లవానికి రాత్రివేళ ఫోను ప్రక్కలో నుంచుకొననీయరాదనుటకు వేదాంతమక్కరలేదు. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుండి పదునారేండ్ల లోపువారికి సామాజిక మాధ్యమ ఖాతాలను నిషేధించినది కూడ. అయినను గర్భస్రావము, స్వలింగప్రేమ, ఆత్మహత్య, కులాంతర ప్రేమ మున్నగువానిని గూర్చిన ప్రశ్నలకు ఏ చట్టమును సమాధానము చెప్పదు. పిల్లవాడు అడుగక మానడు, మనలను గాకున్న యూట్యూబును. పన్నెండవ యేట దేవాలయమున బోధకుల నడుమ కూర్చుండి ప్రశ్నించుచున్న యేసును ఆ బోధకులు గద్దించిరని లూకా వ్రాయలేదు.

కన్ఫర్మేషన్‌కును బాప్తిస్మమునకును సిద్ధపరచు తరగతులే ఇందులకు తగిన తావు. అచ్చట పాస్టరు గారు బాలురతోను, పాస్టరమ్మ గారో అనుభవముగల టీచరమ్మయో బాలికలతోను కూర్చుండి, ‘ఏమి జరిగినను మాతో చెప్పుడు’ అనుటకు ముందు, చెప్పిన పిమ్మట ఏమి జరుగునో వివరింపవలెను. సర్వమును దాచెదనని మాట యిచ్చుటకు వీలులేదు. 2012 నాటి పోక్సో చట్టము ప్రకారము, పిల్లలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారెవరైనను పోలీసులకు తెలుపక తప్పదు. తక్కిన సంగతులు ఇంటిలో ఎవరికి, ఎవరి ద్వారా, ఎంతవరకు తెలియవలెనో పిల్లల యెదుటనే నిర్ణయింపవలెను. ఈ నియమము తెలియక నమ్మి చెప్పుకొనిన పిల్ల తాను మోసపోయితిననుకొన్నచో, ఆ తరగతిలో తక్కినవారెవరును మరల నోరు విప్పరు.