అరికాలిలో వైకుంఠం

సాయంత్రం బంగారుపేట స్టేషన్‌లో బెంగళూరు రైలు దిగేవాళ్ల నడక ఒక్కసారి చూడాలి. తెల్లారకముందే ఎక్కిపోయిన జనం వాళ్లు. పోయేటప్పుడు నిలబడి, పని దగ్గర నిలబడి, వచ్చేటప్పుడూ నిలబడి... దిగేసరికి కాళ్లు తమవి కానట్టే అడుగులేస్తారు. అక్కడి నుంచి బూదికోటకు మళ్లీ బస్సో, ఆటోనో పట్టుకోవాలి. ఊళ్లోనే ఉండి సేద్యం చేసుకునేవాళ్లకు మాత్రం సుఖముందా అంటే అదీ లేదు. టమోటా తోటలో వంగిన నడుము, పట్టుపురుగులకు మల్బరీ ఆకు మోసిన మెడ, పాలక్యాను ఎత్తిన భుజం రాత్రికి గుర్తు చేస్తూనే ఉంటాయి. పక్కనే కేజీఎఫ్. మూడు కిలోమీటర్లకు పైగా లోతు తవ్విన గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ గనుల్లో దిగిన మనుషుల మోకాళ్ల నొప్పులకు మాత్రం మూత పడలేదు.

నొప్పి ఉన్నచోట మందు ఉంటుంది. మందు దొరకనిచోట వ్యాపారం ఉంటుంది. బెంగళూరు మాళ్లలో కాళ్లు పట్టే కుర్చీలు, వీధి వీధినా స్పాలు, 'అరికాలు నొక్కి అన్ని రోగాలూ పోగొడతాం' అనే రిఫ్లెక్సాలజీ కేంద్రాలు... ఇప్పుడు పట్టణాలు దాటి పల్లెల దాకా ఈ మాట వచ్చేసింది. ఊరి కల్యాణమండపంలో పదిహేను రోజుల 'ఉచిత' శిబిరం రూపంలోనో, బెంగళూరులో పనిచేసే కొడుకు అమ్మానాన్నలకు కట్టిన ప్యాకేజీ రూపంలోనో.

నిజానికి ఒళ్లు పట్టించుకోవడం మనకు కొత్త సంగతి కాదు. బిడ్డ పుడితే నూనె రాసి, కాళ్ల మీద పడుకోబెట్టి నలుగు పెట్టడం తెలియని ఇల్లు లేదు. బాలింతకు ఒళ్లు పట్టే ముసలమ్మ ప్రతి ఊళ్లోనూ ఉండేది. క్షవరం అయ్యాక తలకు నాలుగు తట్లు తట్టించుకోకపోతే డబ్బులిచ్చినట్టే ఉండేది కాదు. 'నాయనా, రొంత కాళ్లు తొక్కురా' అని తాత పిలిస్తే గోడ పట్టుకుని ఆయన పిక్కల మీద నడిచిన మనవళ్లే ఇవాళ ఐదొందలు, వెయ్యి పెట్టి స్పాకు పోతున్నారు. అందులో తప్పేం లేదు. కష్టపడిన ఒంటికి హాయి కావాలి. తేడా ఎక్కడొచ్చిందంటే... ఆ ముసలమ్మ ఏనాడూ 'నీ షుగర్ తగ్గిస్తా' అనలేదు.

పోయి వచ్చినవాళ్ల మాటలు వింటే మూడు రకాలుగా ఉంటాయి. 'శానా హాయిగా ఉంది, ఆ రాత్రి బాగా నిద్ర పట్టింది' అనేది మొదటిది. 'పోయినంతసేపూ బాగుంది, మూడోనాటికి నొప్పి మళ్లీ వచ్చింది, ఇంకో పది సిట్టింగులు కావాలన్నారు' అనేది రెండోది. 'ఫలానా ఆయనకు మాత్రలు కూడా అవసరం లేకుండా పోయిందంట' అనేది మూడోది. మొదటి మాట నిజం. రెండోది కూడా నిజమే. మూడో మాట దగ్గరే జనం మోసపోయేది. చిత్రమేమంటే, ఆ మూడో మాట చెప్పేవాళ్లలో చాలామంది అబద్ధాలకోర్లు కారు. నిజంగానే నమ్మి చెప్తారు.

శాస్త్రం ఏమంటుందో చూద్దాం. నడుం నొప్పికి మర్దన పనిచేస్తుందా అన్న దాని మీద 2015లో కొక్రేన్ సంస్థ ఒక సమీక్ష వెలువరించింది. మూడు వేల మందికి పైగా రోగులపై జరిగిన 25 ప్రయోగాలను అందులో తిరగేశారు. కొద్దికాలం పాటు ఉపశమనం కనిపించవచ్చు గానీ, ఆ ఆధారాలు కూడా గట్టివి కావని తేల్చారు. అంటే మర్దన పనికిమాలినదేం కాదు, సంజీవని కూడా కాదు.

రిఫ్లెక్సాలజీ కథ వేరు. అరికాలి బొమ్మ మీద ఇక్కడ గుండె, ఇక్కడ కాలేయం, ఇక్కడ మూత్రపిండం అని రంగురంగుల గీతలు గీసి గోడకు తగిలిస్తారు. 'వేల ఏళ్ల నాటి విద్య' అంటారు. ఇప్పుడు వాడుకలో ఉన్న ఆ పటానికి మాత్రం నూరేళ్లు కూడా నిండలేదు. అమెరికాలో చెవి, ముక్కు, గొంతు వైద్యుడు విలియం ఫిట్జ్‌జెరాల్డ్ 1910ల్లో ఒంటిని పది నిలువు మండలాలుగా విభజించి ఒక సిద్ధాంతం చెప్పాడు. 1930ల్లో యూనిస్ ఇంగ్హామ్ అనే ఆమె దాన్ని పాదాలకు అన్వయించి ప్రచారంలోకి తెచ్చింది. అరికాలిలో ఒక చోట నొక్కితే ఫలానా అవయవం బాగుపడుతుందని చెప్పే నరం గానీ, దారి గానీ శరీరశాస్త్రంలో ఎక్కడా లేదు. 2011లో ఎడ్జార్డ్ ఎర్నెస్ట్ బృందం 23 ప్రయోగాలను పరిశీలించి, ఏ ఒక్క రోగానికీ ఇది పనిచేస్తుందని నమ్మదగ్గ రుజువు లేదని రాసింది. ఆస్ట్రేలియా ప్రభుత్వమూ పరిశీలన జరిపించి, 2019 ఏప్రిల్ నుంచి ఆరోగ్య బీమా రాయితీ అందే చికిత్సల జాబితాలో నుంచి రిఫ్లెక్సాలజీని తప్పించింది.

మరి అంతమందికి 'బాగైంది' అనిపించడం ఎలా? దీనికి జవాబు అరికాలిలో వెతకాల్సిన పనిలేదు. కీళ్ల నొప్పి ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ. బాగా ఎక్కువైనప్పుడే మనిషి స్పా గుమ్మం తొక్కుతాడు. ఆ తర్వాత ఎటూ తగ్గే నొప్పి, స్పా ఖాతాలో పడుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. అది కాస్త సిగ్గుపడాల్సిన కారణం. ప్రభుత్వ ఆసుపత్రిలో క్యూలో గంట నిలబడితే డాక్టరు ముందు కూర్చునేది రెండు నిమిషాలు. ఎక్కడ నొప్పి అని అడిగే లోపలే చీటీ చేతికొస్తుంది. స్పాలో ముప్పావు గంట ఒక మనిషి దగ్గర కూర్చుని కాళ్లు పట్టుకుని 'ఇక్కడా అమ్మా? ఇంకొంచెం పైనా?' అని అడుగుతారు. ఏళ్ల తరబడి ఎవరూ పట్టించుకోని ఒంటికి అంతకన్నా మందేముంది? జనం డబ్బు పెట్టి కొంటున్నది మర్దన ఒక్కటే కాదు. తమ నొప్పిని వినే చెవిని కూడా.

ఇంతవరకైతే ఎవరికీ నష్టం లేదు. నష్టం మాత్రలు ఆపిన రోజున మొదలవుతుంది. 2023లో భారత వైద్య పరిశోధన మండలి మద్దతుతో వెలువడిన అధ్యయనం ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్ల 10 లక్షల మంది. పట్నం జబ్బు అనుకున్నది పల్లెకూ వచ్చేసింది. షుగర్ ముదిరితే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది. వేడినీళ్ల టబ్బులో కాలు పెడితే కాలిన సంగతి కూడా తెలియదు. గట్టిగా నొక్కినచోట చిన్న పుండు పడితే అది మానదు. ఆ పుండే కాలు తీసేసేదాకా పోయిన కుటుంబాలు ఆసుపత్రి వార్డుల్లో కనిపిస్తూనే ఉంటాయి. ఒక్క కాలే ఉన్నట్టుండి వాచి, పిక్క వేడెక్కి నొప్పి పెడుతుంటే రక్తనాళంలో గడ్డ ఉండొచ్చు. దాన్ని మర్దన చేస్తే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డుపడే ప్రమాదముంది. 'అలసట' అనుకుని నొక్కించుకున్న కాలు ప్రాణం మీదికి తెస్తుందన్నమాట. గర్భిణులు, ఎముక విరిగినవాళ్లు, జ్వరంతో ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఒళ్లు పట్టించుకోకూడదు. గుమ్మంలో ఈ నాలుగు ప్రశ్నలు అడగని కేంద్రంలో చెప్పులు విప్పకపోవడమే మేలు.

ఇక ఉచిత శిబిరాల తీరు చూడాలి. రోజూ అరగంట యంత్రం మీద కాళ్లు పెట్టుకోవచ్చు, లేదా వేడి మంచం మీద పడుకోవచ్చు. పైసా అడగరు. 'పెద్దాయనా, ఎట్లుంది?' అని పేరుపేరునా పలకరిస్తారు. మైకు ఇచ్చి 'మీ అనుభవం చెప్పండి' అంటారు. పది రోజులు ఊరికే కాళ్లు పెట్టినవాడు మొహమాటానికైనా 'బాగుంది' అంటాడు. ఆ మాటే పక్కవాడికి ప్రకటన. చివరి నాలుగు రోజుల్లో యంత్రం బయటికొస్తుంది. వేలల్లో ధర, వాయిదాల సౌకర్యం. పింఛను డబ్బులు, పాల బిల్లు డబ్బులు అక్కడ సమర్పించుకున్న ఇళ్లెన్నో. ఆర్నెల్లు తిరిగేసరికి ఆ యంత్రం మంచం కిందికి చేరుతుంది. అడుగుదామంటే శిబిరం వేరే ఊరికి పోయి ఉంటుంది. అరచేతిలో వైకుంఠం చూపించడం పాత మాట. ఇప్పుడు అరికాలిలో చూపిస్తున్నారు.

చట్టాలు లేక కాదు. మందు పేరుతో, నూనె పేరుతో షుగర్, బీపీ, పక్షవాతం నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన కొత్త వినియోగదారుల చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు పది లక్షల రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. బెంగళూరులో ప్యాకేజీ డబ్బు పోగొట్టుకున్నవాడు బెంగళూరు కోర్టుల చుట్టూ తిరగాల్సిన పని కూడా లేదు. తానుండే జిల్లాలోనే ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు లేదు. 1915 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెప్తారు. ఇవన్నీ పనిచేయాలంటే చేతిలో బిల్లు ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి స్పా సేవలపై జీఎస్టీని 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గించారు. ఆ తగ్గింపు తన బిల్లులో కనిపించిందా లేదా అని ఎంతమంది చూసుకున్నారు? అసలు బిల్లు అడిగినవాళ్లెంతమంది?

స్పా అనగానే ఎగతాళిగా నవ్వేవాళ్లూ ఉన్నారు. ఆ నవ్వుకు గురయ్యేది ఎవరు? బతుకుదెరువు కోసం బెంగళూరు రైలెక్కిన ఇలాంటి ఊళ్ల ఆడపిల్లలే. రోజంతా పదిమంది ఒళ్లు పట్టి తమ వేళ్లు, మణికట్లు నొప్పి పుట్టించుకునే పని అది. కష్టమరు చేతులు హద్దు దాటితే ఊరుకోవాల్సిన అగత్యం వాళ్లకు లేదు. బయటి మనుషుల నుంచి కూడా రక్షణ కల్పించాల్సింది యజమానేనని 2013 నాటి పనిచోట లైంగిక వేధింపుల నిరోధక చట్టం చెప్తోంది. థాయ్‌లాండ్ తన సంప్రదాయ మర్దనను గర్వంగా చెప్పుకుంటుంది. 2019లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. దక్షిణ కొరియాలో మర్దన వృత్తి లైసెన్సులు చూపులేనివాళ్లకే దక్కుతాయి. ఆ కేటాయింపును అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం 2008లో సమర్థించింది. శిక్షణ, లైసెన్సు, మర్యాద ఉంటే ఇదీ నలుగురు మెచ్చే వృత్తే. అవి లేనప్పుడే పుకార్లూ, పోలీసు దాడులూ. ఆడవాళ్లకు ఆడవాళ్లే, మగవాళ్లకు మగవాళ్లే మర్దన చేయడం, చేసేవాళ్ల శిక్షణ పత్రం గోడకు తగిలించడం, ధరల పట్టిక బయట పెట్టడం... ఇవి అడిగే హక్కు లోపలికి పోయే ప్రతి మనిషికీ ఉంది.

ప్రభుత్వం చేయాల్సింది ఇంకా ఉంది. ఇంటింటికీ పోయి బీపీ, షుగర్ పరీక్షలు చేసే గృహ ఆరోగ్య పథకాన్ని కర్ణాటక ప్రభుత్వం 2024లో మొదట కోలారు జిల్లాలోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. మంచి పనే. గడప దాకా వచ్చిన ఆ సిబ్బంది పాదాలు కూడా చూడాలి. స్పర్శ ఉందో లేదో పరీక్షించాలి. మోకాలు, నడుము ఎలా ఉందని అడగాలి. హోబ్లీ కేంద్రమైన బూదికోట లాంటి చోట వారానికి రెండు రోజులైనా ఫిజియోథెరపిస్టు కూర్చుంటే, కోలారుకో కుప్పానికో బస్సు ఛార్జీలు పెట్టుకుని పోలేని ముసలివాళ్లకు నాలుగు కసరత్తులైనా తెలుస్తాయి. మందుకన్నా కసరత్తే మేలు చేసే మోకాళ్లు ఎన్నో ఉన్నాయి. కల్యాణమండపాల్లో శిబిరం పెట్టేవాళ్లను 'ఏం చెప్పబోతున్నారు, ఏం అమ్మబోతున్నారు, ఇక్కడ ఎవరు జవాబుదారీ' అని పంచాయతీ ముందే కాగితం మీద రాయించుకోవాలి. ఈ ఒక్క పనికి పెద్ద ఖర్చేం లేదు.

హైదరాలీ పుట్టిన బూదికోటలో కోట గోడలు శిథిలమైనా నిలబడి ఉన్నాయి. ఊరి జనం మాత్రం నిలబడలేక ఎవరి చేతి ఆసరా దొరికినా పట్టుకుంటున్నారు. పట్టుకోనివ్వండి. కాళ్లు పట్టించుకుని హాయిగా నిద్రపోవడం పాపం కాదు. డబ్బుంటే స్పాలో, లేకుంటే ఇంట్లో మనవడి చేత. కానీ పొద్దున లేచాక బీపీ మాత్ర వేసుకోవడం మరవకూడదు. హాయి అమ్మేవాడు హాయి అనే చెప్పి అమ్మాలి. వైద్యం చేయాల్సినవాళ్లు రోగి కాళ్ల దాకా రావాలి. ఆ రెండూ జరిగిన నాడు అరికాలి పటాల ముందు జనం క్యూ కట్టాల్సిన అవసరమే ఉండదు.