కారుకే సరిహద్దు

సొంత కారులో నేపాల్ వెళ్ళొచ్చిన తెలుగువాళ్ళ వ్యాసం ఒకటి చదివితే అన్నీ చదివినట్టే. తెల్లవారుజామున నాలుగింటికి హైదరాబాదులో బయల్దేరతారు. టైర్ల కింద నిమ్మకాయలు, డిక్కీలో పులిహోర. నాగపూర్ దాకా రోడ్డు అద్భుతం. జబల్‌పూర్‌లో ఒక రాత్రి. గోరఖ్‌పూర్ తర్వాత ట్రాఫిక్. సునౌలీ గేటు ముందు కారుకి ఆనుకుని ఫోటో. ఆ ఫోటో కింద ఒక వాక్యం: గీతలు మనం గీసుకున్నవే, రోడ్డుకి దేశం లేదు. ఆ తర్వాత పోఖరా, పశుపతినాథుడు, చివర్లో లెక్క. మొత్తం ఎన్ని కిలోమీటర్లు, లీటరుకి ఎంతిచ్చింది, తలకి ఎంత పడింది.

ఎగతాళి చెయ్యడం తేలిక. కానీ ఆ హక్కు నాకు లేదు, ఎందుకంటే అలాంటిది నేనూ ఒకటి రాశాను. మూడేళ్ళ కిందట వెళ్ళొచ్చి, నాలుగు ఆదివారాలు కూర్చుని పధ్నాలుగు పేజీలు రాశాను. ఆ "రోడ్డుకి దేశం లేదు" అన్న ముక్క కూడా రాశాను, కాస్త వేరే మాటల్లో. మొన్న ఆ ఫైలు మళ్ళీ తెరిచి చదివితే సిగ్గేసింది. గేటు మీద మూడు పేజీలున్నాయి. ఆ గేటు దాటుతున్న మనుషుల మీద ఒక్క పేరా లేదు.

కాబట్టి ఈ వ్యాసం ముందుగా నామీద నేనే పెట్టుకున్న కేసు. అయితే ముద్దాయిని నేనొక్కణ్ణే కాదు.

ఆ వాక్యం సంగతి ముందు తేల్చుకుందాం. ఇండియా, నేపాల్ మధ్య 1950 జులై 31న సంతకాలైన ఒప్పందం ఒకటుంది. దాని ప్రకారం ఈ దేశపు మనిషి ఆ దేశానికి, ఆ దేశపు మనిషి ఈ దేశానికి వెళ్ళొచ్చు, ఉండొచ్చు, వ్యాపారం చేసుకోవచ్చు. వీసా లేదు, ముద్ర లేదు. నడిచెళ్ళే భారతీయుడికి చేతిలో ఓటరు కార్డు చాలు. అంటే సునౌలీలో మనిషికి సరిహద్దు దాదాపు లేనట్టే.

మరి ఎవరికుంది? కారుకుంది. గేటు దాటగానే భన్సార్ కార్యాలయం. భన్సార్ అంటే నేపాలీలో సుంకం. అక్కడ ఆర్.సి. చూపించాలి, లైసెన్సు చూపించాలి, ఎన్ని రోజులుంటావో ముందే చెప్పి రోజుల లెక్కన డబ్బు కట్టాలి. ఏడాది మొత్తంలో 30 రోజులకు మించి ఆ బండి అక్కడ ఉండకూడదు. ఇక ఇన్సూరెన్సు. మన మామూలు కారు పాలసీ ఇండియా వరకే. అదనంగా కొంత ప్రీమియం కడితే బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, పాకిస్తాన్, శ్రీలంక, మాల్దీవులకు పొడిగిస్తారని నిబంధనల్లో ఉంది. మాల్దీవులకి కారేసుకుని ఎలా పోతారో నాకు తెలీదు గానీ, ఆ జాబితా చదువుతుంటే ఎవరో పెద్దమనిషి మంచి కల కన్నట్టు అనిపించింది.

ఇప్పుడు చెప్పండి. తెరిచి ఉన్న గేటు దగ్గరికి, ఆ గేటు ఆపగలిగిన వస్తువుని వెతికి మరీ పట్టుకెళ్ళి, రశీదు రాయించుకుని, "నేను సరిహద్దు దాటాను" అని ఫోటో దిగాం. కారు లేకపోతే దాటడానికి సరిహద్దే లేదు. గీతలు మనం గీసుకున్నవే అన్న మాట నిజమే. అక్కడ ఆ గీతని గీయించుకున్నది మాత్రం మన కారు.

ఈ సంగతి నాకు చదివితే తెలియలేదు. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ చెప్పాడు. అతనిది నేపాల్, భైరహవా నుంచి కొండలెక్కి పోవాల్సిన ఊరు. మేం తిరిగొచ్చిన రోజు కారు మీద దుమ్ము చూసి, "ఏ గేటు సార్?" అని అడిగాడు. సునౌలీ అన్నాను. నవ్వాడు. "నాదీ అదే గేటు. మీరెంత కట్టారు?" చెప్పాను. "నాకు ఫ్రీ సార్" అన్నాడు తన హిందీ కలిసిన తెలుగులో. జోకే అనుకుని నవ్వేశాను. లిఫ్టులో పైకెళ్తుంటే అర్థమైంది, ఆ ముక్కలో నా పధ్నాలుగు పేజీల కంటే ఎక్కువ సమాచారం ఉందని.

తర్వాత అడిగితే మరికొంత చెప్పాడు. అతను పోయేప్పుడు ఫ్రీ, అతని సామాను కాదు. వంద నేపాలీ రూపాయలు, అంటే మన అరవై మూడు రూపాయలు దాటిన సరుకు ఏది తీసుకెళ్ళినా సుంకం కట్టాలన్న నిబంధనని 2023లో నేపాల్ ప్రభుత్వం గట్టిగా అమలు చేసింది. ఇక్కడ గేటు కాచి కొన్న ప్రెషర్ కుక్కరుకి ఇతను అక్కడ గేటు దగ్గర డబ్బు కట్టాడు. రక్షించుకోవాల్సిన వ్యాపారులు ఆ దేశానికీ ఉంటారు, దాన్ని తప్పు పట్టడం లేదు. నా బాధ వేరే. ఒకే గేటు దగ్గర నా కారుకీ సుంకం ఉంది, అతని కుక్కరుకీ సుంకం ఉంది. నాది సాహసయాత్ర అయింది, అతనిది కనీసం వార్త కూడా కాలేదు.

నేను పుట్టి పెరిగింది వినుకొండలో. తొంభైల్లో మా వీధిలో రాత్రి పన్నెండు దాటాక విజిల్ వినపడేది, దాని వెనకే కర్ర నేలకి తాకే చప్పుడు. గూర్ఖా. నెల మొదట్లో పగటిపూట వచ్చి అరుగు ముందు నిలబడేవాడు. అమ్మ పది రూపాయలిచ్చేది. ఒక్కోసారి చారెడు బియ్యం. ఎండాకాలం మిరపకాయలు కల్లాల్లో ఆరబోసినప్పుడు అటువైపు కూడా ఒక చుట్టు తిరిగిపొమ్మని రైతులు అడిగేవాళ్ళు. అంతటి మనిషికి ఊళ్ళో పేరు లేదు. గూర్ఖా అంటే గూర్ఖానే. కొన్నేళ్ళకి ఒకడు పోయి ఇంకొకడొచ్చినా మేం గమనించలేదు. ఆ కొండల్లోంచి దిగి, గేటు దాటి, రైళ్ళు మారి, గుంతకల్లు లైనులో ఒక చిన్న స్టేషన్లో ఎందుకు దిగాడో మా ఊళ్ళో ఒక్కడూ అడగలేదు. ఇదీ పక్క దేశం నుంచి మన దేశానికి వచ్చిన ప్రయాణమే కదా. దీని మీద తెలుగులో యాత్రా వ్యాసం ఏదీ?

సరిహద్దు దాకా పోయిన మనిషి మా ఇంట్లోనే ఇంకొకాయన ఉన్నాడు. మా బాబాయి. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు ఎత్తుకుని బెంగాల్ సరిహద్దుకి లారీ తోలేవాడు. మన మిర్చి ఎక్కువగా కొనే దేశాల్లో బంగ్లాదేశ్ ఒకటి. పెట్రాపోల్, ఘోజాడాంగా లాంటి గేట్ల దగ్గర లారీలు రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి వరసలో ఆగి ఉండటం అందరికీ తెలిసిన కథే. వంతొచ్చాక లారీకి ఒక కాగితం ఇస్తారు. దాని పేరు, నవ్వకండి, కార్ పాస్. అది పట్టుకుని లారీ అవతలికి పోతుంది, అవతలి యార్డు వరకే. అక్కడ సరుకు బంగ్లా లారీల్లోకి మారుతుంది. మనవాడు వెనక్కి తిరగాలి. బాబాయి అట్లా నాలుగుసార్లు వెళ్ళాడు. ఇంట్లో మేం "బాబాయి ఫారిన్ పోయొచ్చాడు" అని ఆటపట్టించేవాళ్ళం.

"ఏం చూశావు బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"ఏముందిరా, అటు గోడ, ఇటు గోడ. అన్నం మాత్రం మనదే, లారీ కిందే వండుకున్నాం" అన్నాడు.

2015 జూన్ 15న థింపూలో బంగ్లాదేశ్, భూటాన్, ఇండియా, నేపాల్ మోటారు వాహనాల ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. బళ్ళు నాలుగు దేశాల్లోనూ నేరుగా తిరగాలన్నది ఆశ. భూటాన్ పార్లమెంటు ఎగువసభ దాన్ని ఆమోదించలేదు. చిన్న దేశం, కొండ రోడ్లు, పెద్ద దేశపు లారీలు. వాళ్ళ భయం వాళ్ళది. పదేళ్ళు దాటినా గుంటూరు లారీ దించకుండా, మార్చకుండా ఢాకా దాకా పోవడం మామూలు సంగతి కాలేదు. రోడ్డుకి దేశం లేదని లారీ డ్రైవరు ముందు అనండి చూద్దాం.

ఇక్కడ మీరు అడ్డం తగులుతారని తెలుసు. "ఏం భాయ్, మధ్యతరగతి వాడు నాలుగు రోజులు సంతోషంగా తిరిగొచ్చి రాసుకుంటే నీకేం నొప్పి? ప్రతి టూరుకీ వర్గపోరాటం తగిలించాలా?" సగం ఒప్పుకుంటాను. మా ఇంట్లో మూడు తరాల్లో మొదటి కారు నాది. అది కొన్న రోజు నాన్న స్టీరింగుకి బొట్టు పెట్టి మాట్లాడకుండా కూర్చున్నాడు. ఆ మౌనం ఏమిటో నాకు తెలుసు. ఈ దేశంలో కొందరికి సొంత బండి అంటే షోకు కాదు. పక్కసీటు వాడు ఎవరివని అడగకుండా, హోటలువాడు గ్లాసు వేరే పెట్టకుండా ప్రయాణం చెయ్యగలగడం. ఈ మాట వినుకొండవాడికి ఒకరు చెప్పక్కర్లేదు. జాషువా పుట్టిన ఊరు. 1941లో వచ్చిన గబ్బిలంలో గుడిలోకి రానివ్వని మనిషి తన మొరని శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. దానికి దారి చెప్తాడు, దారిలో ఊళ్ళన్నీ చూపిస్తాడు. నా దృష్టిలో అది తెలుగులో గొప్ప యాత్రా రచన. అందులో ప్రయాణం చెయ్యాల్సిన మనిషి గడప దాటలేడు, గబ్బిలం దాటుతుంది. గేటు ఎవరికి తెరుచుకుంటుంది, ఎవరికి తెరుచుకోదు అన్న ప్రశ్న మా ఊరివాడే అంత గట్టిగా అడిగాక, నేను సునౌలీ దాకా పోయి మైలేజీ లెక్క రాసుకొచ్చాను.

కాబట్టి కారు మీద నాకు కోపం లేదు. కారు అద్దం బిగించుకుని రాసిన వాక్యం మీదే.

మన యాత్రా రచన మొదటినుంచీ ఇంతేనా అంటే కాదు. యేనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి 1831 సెప్టెంబరు 3న తిరిగొచ్చాడు. హైదరాబాదు, నాగపూర్, జబల్‌పూర్, ప్రయాగ, కాశీ. మన నేపాల్ కారు బృందాలు ఇవాళ పోయే దారి చాలావరకు ఆయన దారే. ఆయనా సామాన్యుడేం కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు, పల్లకీలో పోయాడు, వెంట పెద్ద పరివారం. పల్లకీ ఆనాటి సొంత కారే, కాకపోతే ఇంజను బదులు బోయీల భుజాలు. కానీ ఆయన పల్లకీ మీద పుస్తకం రాయలేదు. ఏ మజిలీలో నీళ్ళెట్లా ఉన్నాయి, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, ఇక్కడిదాకా ఎవరి రాజ్యం, జనం ఎట్లా బతుకుతున్నారు, ఇవి రాశాడు. కంపెనీవారి సీమ దాటి నిజాం సీమలోకి, అక్కణ్ణుంచి నాగపూరు రాజు సీమలోకి పోతుంటే ఏం మారిందో గమనించాడు. ఆయన అభిప్రాయాలతో నాకు బోలెడు పేచీలున్నాయి. కానీ 1838లో అచ్చయిన ఆ పుస్తకాన్ని ఇవాళ చరిత్రకారులు వెతుక్కుంటున్నారంటే కారణం ఆయన పల్లకీ తెర తీసి చూడటం. మన వ్యాసాల్ని రెండొందల ఏళ్ళ తర్వాత ఎవరైనా తవ్వితే, అప్పటి టోల్ రేట్లు మాత్రం బాగా దొరుకుతాయి.

అడిగేది పెద్ద కోరిక కాదు. కారులోనే వెళ్ళండి. గేటు ముందు ఫోటో కూడా దిగండి. భన్సార్ రశీదు చేతికొచ్చేలోపు గంటో రెండు గంటలో ఉంటుంది కదా. ఆ కాసేపు పక్కన నడిచిపోతున్నవాళ్ళని చూడండి. ఎవరు సంచి విప్పి చూపిస్తున్నారు, ఎవరు చూపించక్కర్లేదు. ఎవరు పనికి దిగి వస్తున్నారు, ఎవరు పండక్కి ఎక్కి పోతున్నారు. ఒకరితో మాట్లాడండి, పేరడగండి. నేపాల్ గడియారం మనకంటే పదిహేను నిమిషాలు ముందని అందరూ ముచ్చటగా రాస్తాం, నేనూ రాశాను. ఆ పదిహేను నిమిషాలు అక్కడే నిలబడి ఉంటే నా వ్యాసం వేరేగా ఉండేది.

ఆ పధ్నాలుగు పేజీలు ఏ పత్రికకీ పంపలేదు, ఇక పంపను. మా వాచ్‌మన్ దశైఁకి ఊరెళ్తున్నాడు. మొన్న కారు తుడుస్తూ అడిగాడు: "సార్, మళ్ళీ మీరు ఆ వైపు కారులో వెళ్తారా? ఇంట్లోకి ఒక మిక్సీ కొన్నా. మీ డిక్కీలో ఉంటే ఎవరూ అడగరు."

నిజంగానే అడగరు. అతనికేం చెప్పాలో ఇంకా తేలలేదు.