మహారాణిగారి వంద జతలు

చెప్పుల షాపుకు వెళితే మనం మహా అయితే రెండు జతలు కొంటాం. అదీ పండగో, ఇంట్లో పెళ్లో ఉంటేనే. కూచ్ బెహార్ మహారాణి ఇందిరాదేవి ఒకేసారి వంద జతలకు ఆర్డరిచ్చింది! అదీ ఎవరికి? హాలీవుడ్ తారల పాదాలకు కొలతలు తీసి, 1927లో ఇటలీ తిరిగొచ్చి ఫ్లోరెన్స్‌లో పని మొదలెట్టిన సాల్వతోరే ఫెరగామోకి. ఆ వందలో ఒక జతకు ముత్యాలు, ఇంకో జతకు వజ్రాలు పొదగమంది. ఆ రాళ్లు కూడా తన నగలపెట్టెలోంచే తీసి పంపింది.

చెప్పులకు వజ్రాలేంటమ్మా అని ముక్కున వేలేసుకుంటాం. కానీ పాతకాలపు ఫ్యాషన్లంటే ప్రాణం పెట్టేవాళ్లు ఆవిడ పేరు ఈనాటికీ తలుచుకునేది ఆ చెప్పుల కోసం కాదు. ఒక చీర కోసం. ఆ చీర వెనక పెద్ద కథే ఉంది.

రాకుమారి రాసిన ఉత్తరం

ఇందిర 1892లో పుట్టింది. తండ్రి బరోడా మహారాజు మూడో శాయాజీరావు గైక్వాడ్. సంస్కరణల మనిషి. తన రాజ్యంలో బాల్యవివాహాలకు వ్యతిరేకంగా చట్టం తెచ్చినవాడు. అంతటివాడూ కూతురి పెళ్లి దగ్గరికొచ్చేసరికి అందరు తండ్రుల్లాంటివాడే అయ్యాడు. గ్వాలియర్ మహారాజు మాధవరావు సింధియాకిచ్చి చేద్దామని నిశ్చయించాడు. ఆయనకప్పటికే ఒక భార్య ఉంది. వయసులో పదిహేనేళ్లు పెద్ద.

1911 డిసెంబరులో ఢిల్లీ దర్బారు జరిగింది. అక్కడ కూచ్ బెహార్ చిన్న రాకుమారుడు జితేంద్ర నారాయణ్‌ని చూసింది ఇందిర. ఇక మనసు మారదని తేలిపోయాక, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా గ్వాలియర్ రాజుకి తనే ఉత్తరం రాసేసింది... ఈ పెళ్లి తనకిష్టం లేదని! ఈ ఉత్తరానికి అర్థమేంటని అటునుంచి టెలిగ్రాం వచ్చేదాకా తల్లిదండ్రులకు సంగతే తెలియదు. అప్పటికే పెళ్లిపనులు నడుస్తున్నాయి. ఇంట్లో ఎంత గొడవైందో వేరే చెప్పాలా? దాదాపు రెండేళ్లు నలిగి, 1913లో లండన్‌లో పెళ్లయింది. కన్నవాళ్లు రాలేదు. కొన్ని రోజులకే జితేంద్ర అన్నగారు చనిపోవడంతో రాజ్యం ఈయనకొచ్చింది. ఇందిర మహారాణి అయింది.

ఐదుగురు పిల్లలు పుట్టారు. పెళ్లయి పదేళ్లు కూడా నిండలేదు, 1922 డిసెంబరులో లండన్‌లో జితేంద్ర చనిపోయాడు. ఆయనకప్పుడు ముప్ఫై ఆరేళ్లు, ఆవిడకు ముప్ఫై. పిల్లల్ని వెంటబెట్టుకుని ఓడలో తిరిగొస్తుంటే, అమ్మ తెల్లబట్టల్లో తన గదిలోంచి బయటికి రాకుండా ఏడుస్తూ ఉండటం చిన్నారి గాయత్రికి లీలగా గుర్తుండిపోయింది. ఆ పాపే తర్వాత జైపూర్ మహారాణి గాయత్రీదేవి.

అంగుళాల లెక్క

భర్త పోయిన స్త్రీ ఆ రోజుల్లో ఎలా ఉండాలో మన ఇళ్లలో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. పసుపు కుంకుమలుండవు, రంగుండదు, జరీ ఉండదు. మొన్నమొన్నటిదాకా మన ఊళ్లలోనూ ఆ స్థితిలో ఉన్నావిడ కాస్త మంచి చీర కడితే వీధంతా చెవులు కొరుక్కునేది. రాణులకేం మినహాయింపు లేదు. పైగా ఇందిర పుట్టిన బరోడా అంతఃపురంలో ఆడవాళ్లది మరాఠీ పద్ధతి. తొమ్మిది గజాల చీర, గోచీపోసి కట్టు.

ఆవిడ తెలుపును కాదనలేదు. కానీ ఆ తెలుపు ఏ బట్టలో ఉండాలో మాత్రం తనే నిర్ణయించుకుంది. ఫ్రాన్స్‌లో గౌన్ల కోసం నేసే షిఫాన్ ఆవిడ కంటపడింది. అది మన చీరకు పనికొచ్చే పన్నాలో దొరకదు. అందుకని అక్కడి నేతవాళ్లతో ప్రత్యేకంగా 45 అంగుళాల పన్నా నేయించుకుంది. మన షిఫాన్ చీర అక్కడినుంచే మొదలైందంటారు ఫ్యాషన్ చరిత్ర రాసేవాళ్లు.

షిఫాన్ నేతలో ఒక కిటుకుంది. పోగును గట్టిగా మెలితిప్పుతారు. ఒక పోగు కుడివైపుకి, పక్కది ఎడమవైపుకి. నేశాక ఆ మెలికలు ఒకదాన్నొకటి లాక్కుని, బట్టకు కనిపించీ కనిపించని ముడత వస్తుంది. అందుకే వేళ్లకు కాస్త గరుగ్గా తగులుతుంది, ఒంటిమీద మాత్రం నీళ్లలా జారుతుంది. బనారసు చీరలా బరువుండదు, నూలు చీరలా నలగదు. అన్నట్టు, ఫ్రెంచిలో షిఫాన్ అంటే పాతగుడ్డ పీలిక! మహారాణి ఏరికోరి తెచ్చుకున్న బట్టకు పేరు మాత్రం అదీ.

భర్త పోయాక రాజ్యానికి ప్రతినిధిగా పగ్గాలు పట్టిందీ ఆ చీరలోనే. కొడుక్కి అధికారం అప్పగించిన 1936 దాకా ఆ బాధ్యత ఆవిడదే. నగలు వదిలేయలేదు. లేత షిఫాన్ మీద ముత్యాల దండ ఉండేది. ఆ జంట తర్వాత ఎన్ని రాజకుటుంబాలకు అలవాటైందో, ఎన్ని సినిమాల్లో జమీందారిణి పాత్రలకు అచ్చొచ్చిందో!

తాబేలూ, వంటమనిషీ

విలాసాల్లో ఆవిడను మించినవాళ్లు తక్కువ. చలికాలం వస్తే కలకత్తాలో వుడ్‌లాండ్స్ బంగళా అతిథులతో కిటకిటలాడేది. ఇంగ్లండులో వేటల సీజన్‌కి మెల్టన్ మౌబ్రేలో ఇల్లు అద్దెకు తీసుకునేది. అక్కడికి బ్రిటిష్ రాచకుటుంబం తాలూకు స్నేహితులంతా చేరేవారు. ఫ్రాన్స్‌లో లె తుకే జూదశాలలో ఆవిడ పక్కన ఒక బతికున్న తాబేలు ఉండేది. దాని వీపు మీద పచ్చలు, కెంపులు, వజ్రాల వరసలు! అదృష్టం కోసమట. తాబేలుకు ఏమనిపించేదో పాపం. వంటమనిషిని రోమ్‌లో ఆల్‌ఫ్రెడోస్ అనే హోటలుకు తీసుకెళ్లింది. ఎందుకంటే, లసానియా ఎలా ఉండాలో అతను స్వయంగా తిని తెలుసుకోవాలని. మన ఇళ్లలో అత్తగార్లు కూడా కోడలికి ఆవకాయ ఇలాగే నేర్పుతారనుకోండి, నాలుక మీద వేసి!

ఇదంతా ఎవరి సొమ్ము? ఉత్తర బెంగాల్లోని ఆ చిన్న సంస్థానం రైతులు కట్టిన శిస్తు. మహారాణిగారి ఖర్చూ, నెలల తరబడి విదేశాల్లో ఉండటమూ బ్రిటిష్ అధికారులకే మింగుడుపడేవి కావు. శిస్తు కట్టినవాళ్లకు ఫ్లోరెన్స్ చెప్పుల సంగతి తెలిసి ఉండదు. ఆవిడ అభిరుచిని మెచ్చుకుంటూనే ఈ లెక్క కూడా పక్కన పెట్టుకోవాలి.

తర్వాతి రోజులు అంత వెలుగుగా లేవు. పెద్ద కూతురు ఇల 1945లో, కొడుకు ఇంద్రజిత్ 1951లో ఆవిడ కళ్లముందే పోయారు. ఆ మధ్యలోనే సంస్థానం దేశంలో కలిసిపోయింది. 1968 సెప్టెంబరులో బొంబాయిలో ఇందిర కన్నుమూసింది.

తల్లి కట్టు కూతురికి వచ్చింది. పాతకాలపు ఫ్యాషన్ అభిమానుల దగ్గర షిఫాన్ చీర, ముత్యాలు అనగానే ముందుగా కనిపించేది గాయత్రీదేవి ఫొటోనే. 1962లో ఆవిడ స్వతంత్ర పార్టీ తరఫున జైపూర్ లోక్‌సభ స్థానానికి పోటీచేసి, 2,46,516 ఓట్లలో 1,92,909 ఓట్లు తెచ్చుకుంది. గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. ఆ ప్రచారంలో పల్లెల్లో ఆడవాళ్లు తమ మహారాణిని చూడటానికి గుంపులుగా వచ్చేవారు. చూసి ఉసూరుమనేవారు. ఒంటిమీద నగల్లేవు, మామూలు చీర, గాజులు. తమలో కటిక పేదావిడ కాళ్లకైనా కడియాలుంటాయి... ఈవిడ కాళ్లకు అవీ లేవు!