ఇంగ్లీషును తెలుగులో చెప్పండి

హోసూరు, డెంకణికోట, సూళగిరి, వేపనపల్లి, కృష్ణగిరి చుట్టుపక్కల ఉండే తెలుగు తల్లిదండ్రులకు, అయ్యవార్లకు, చదువుకున్న పడుచువాళ్లకు విన్నపం

లెక్కల్లో 80 తెచ్చుకునే బిడ్డ కూడా ఇంగ్లీషు దగ్గరికి వచ్చేసరికి 35 దాటితే చాలు దేవుడా అనుకోవడం మన వీధుల్లో కొత్త సంగతి కాదు. బిడ్డకు తెలివి లేక కాదు, ఆ వ్యాకరణాన్ని అర్థమయ్యే మాటల్లో విడమరిచి చెప్పేవాళ్లు లేక. మేము అడిగేది ఒక్కటే. మన బిడ్డలకు ఇంగ్లీషు వ్యాకరణాన్ని, చదివి అర్థం చేసుకునే పద్ధతిని తెలుగులో నేర్పాలి. పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని, పరీక్ష నెత్తిమీదికి వచ్చాక కాకుండా, బడి తెరిచిన జూన్ నుంచే నేర్పాలి.

మన బిడ్డ మోసే బరువు ముందు చూడండి. 2006లో వచ్చిన తమిళనాడు తమిళ అభ్యసన చట్టం ప్రకారం తమిళం మొదటి భాష అయింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకుతూ 2016 నాటికి పదో తరగతి పరీక్షను చేరింది. భాషా అల్పసంఖ్యాకులకు కోర్టులు ఏటికేడు మినహాయింపు ఇస్తూ వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది కూడా ఒక్క ఏడాదికే. తమిళం మీద మాకు కోపం లేదు. సంతలో, బస్సులో, ఆఫీసులో అక్కరకొచ్చే భాష అది, మన బిడ్డలు నేర్చుకోవాల్సిందే. అయితే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు అని మూడు లిపుల మధ్య తిరిగే బిడ్డకు, ఇంగ్లీషు పాఠాన్ని కూడా తమిళంలోనే విడమరిస్తే ఒక పరాయి భాషను ఇంకొక పరాయి భాషలోంచి చూసినట్టు అవుతుంది. గైడు కొందామన్నా అందులో ఉండేది తమిళ వివరణే.

ఇంతా చేసి పదో తరగతి ఇంగ్లీషు పేపరు బ్రహ్మవిద్య ఏమీ కాదు. 2019-20 నుంచి రెండు పేపర్లను కలిపి 100 మార్కులకు ఒకటే చేశారు. మొదటి 14 ప్రశ్నలు ఒక్కో మార్కువి: పర్యాయపదాలు మూడు, వ్యతిరేకపదాలు మూడు, ఆ తర్వాత బహువచనం, ఉపసర్గ, పొడి అక్షరాలు, ప్రిపొజిషను, టెన్సు, లింకరు వగైరా. తప్పులు దిద్దే ప్రశ్నకు 5 మార్కులు, ఇచ్చిన పేరా చదివి జవాబులు రాయడానికి 8. ఉత్తరం, నోటీసు, దారి చెప్పే పటం ఎటూ ఉన్నాయి. ఇందులో చాలా భాగం బట్టీకి లొంగదు, సాధనకు లొంగుతుంది. మనవాళ్లు చేసేది మాత్రం తలకిందులు. గైడులోని వ్యాసాలను అక్షరం పొల్లు పోకుండా అప్పజెప్పిస్తారు, తప్పులు దిద్దే ఐదు మార్కులను గాలికి వదిలేస్తారు.

ఒక తప్పును దగ్గరగా చూద్దాం. 'హీ ఈజ్ సఫరింగ్ ఫ్రం ఫీవర్ సిన్స్ త్రీ డేస్' అని రాస్తాడు బిడ్డ. అయ్యవారు ఎర్రసిరాతో 'సిన్స్' కొట్టేసి 'ఫర్' అని, 'ఈజ్' కొట్టేసి 'హ్యాజ్ బీన్' అని రాస్తారు. బిడ్డ తల ఊపుతాడు, వచ్చేవారం మళ్లీ అదే రాస్తాడు. ఎందుకంటే ఇంట్లో 'మూడు దినాల నుంచి జ్వరం' అంటాం, 'సోమవారం నుంచి జ్వరం' అనీ అంటాం. రెండు చోట్లా 'నుంచి' ఒకటే. తమిళం మాట్లాడే బిడ్డకు ఈ ఇబ్బంది తక్కువ. మూడు దినాలకు వాడు 'ఆగ' చేరుస్తాడు, సోమవారానికి 'ఇరుందు' చేరుస్తాడు, తేడా వాడి నోట్లోనే ఉంది. అందుకే తమిళంలో చెప్పిన వివరణ వాడికి పట్టుబడి మనవాడికి జారిపోతుంది.

తెలుగులో చెపితే ఈ ముడి రెండు నిమిషాల్లో విడిపోతుంది. 'నుంచి' తీసేసి 'గా' పెట్టి చూడు అనండి. 'మూడు దినాలుగా జ్వరం' అనవచ్చు, అక్కడ 'ఫర్' రాయాలి. 'సోమవారంగా జ్వరం' అని ఎవరూ అనరు, అక్కడ 'సిన్స్' రాయాలి. 'రెండేండ్లుగా' అంటాం, '2019గా' అనం. ఈ కిటుకు మన గైడుల్లో కనపడదు, తెలుగు తెలిసిన అయ్యవారి నోట రావాల్సిందే.

పరోక్ష కథనం సంగతీ ఇంతే. 'నేను సంతకు పోతానని అమ్మ చెప్పింది' అంటే మన ఇంట్లో సంతకు పోయేది అమ్మే. దాన్నే ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో 'మదర్ సెడ్ దట్ ఐ వుడ్ గో' అని పెడితే సంతకు పోవాల్సింది బిడ్డ! 'అని' దగ్గర అమ్మ మాట అమ్మ మాటగానే నిలుస్తుందనీ, ఇంగ్లీషులో చెప్పేవాడి వైపు నుంచి తిరగాలనీ ఒక్కసారి నవ్వుతూ చెపితే, సర్వనామాల పట్టీ బట్టీ పట్టే పని సగం తగ్గుతుంది.

ఇక చదివి అర్థం చేసుకోవడం. ఇక్కడ బిడ్డలు పాటించే ఉపాయం అందరికీ తెలిసిందే: ప్రశ్నలోని మాట పేరాలో ఎక్కడుందో వెదికి, ఆ వాక్యాన్ని అట్లే దించడం. ప్రశ్న 'ఎందుకు' అని అడిగినా సరే, 'ఎప్పుడు' ఉన్న వాక్యం దిగుతుంది. దీనికి మందు పాఠ్యపుస్తకంలోనే ఉంది. 2019లో వచ్చిన పదో తరగతి ఇంగ్లీషు పుస్తకంలో ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప పడవ మీద పాఠముంది. 2017 సెప్టెంబరు 10న గోవాలో బయలుదేరి, ప్రపంచం చుట్టి 2018 మే 21న తిరిగొచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళల కథ. వారిలో విశాఖపట్నం స్వాతి, హైదరాబాదు ఐశ్వర్య మనవాళ్లే. ఆ పాఠంలో ఒక పేరా చదివించి, పుస్తకం మూయించి, 'ఏం జరిగిందో చెప్పు' అని తెలుగులో అడగండి. చెప్పగలిగితే అర్థమైనట్టే. ఆ తర్వాతే ఇంగ్లీషులో జవాబు రాయించండి. చెప్పలేకపోతే ఏ మాట దగ్గర ఆగిపోయాడో అక్కడే తెలుస్తుంది.

అదే పుస్తకంలో అల్ఫాన్స్ దోదే రాసిన 'ది లాస్ట్ లెసన్' కూడా ఉంది. 1870-71 యుద్ధంలో ఫ్రాన్సు ఓడిపోయాక, అల్సేసు బడుల్లో ఇక ఫ్రెంచి చెప్పకూడదని బెర్లిను నుంచి ఆజ్ఞ వస్తుంది. ఆ చివరి ఫ్రెంచి తరగతి కథ అది. తల్లిభాష బడి నుంచి పోవడమంటే ఏమిటో ఆ పాఠం చదివే పిల్లలందరిలోకీ హోసూరు తెలుగు బిడ్డకే ఎక్కువ తెలుసు. అట్లాంటి బిడ్డ ఆ పాఠం మీద వచ్చే ప్రశ్నకు గైడులోని జవాబును బట్టీ పట్టి రాస్తున్నాడు. తనకు తెలిసిన సంగతిని తన మాటల్లో రాసే ఒక్క అవకాశాన్నీ మనమే పోగొడుతున్నాం.

'ఇంగ్లీషును ఇంగ్లీషులోనే చెప్పాలి, తెలుగు కలిపితే బిడ్డ ఎప్పటికీ తెలుగులోనే ఆలోచిస్తాడు' అని అనేవాళ్లున్నారు. ఇంట్లో ఇంగ్లీషు వినబడే బిడ్డకు ఆ మాట చెల్లుతుంది. మన బిడ్డకు ఇంగ్లీషు వినబడేది ఆ ఒక్క పీరియడులోనే. అయినా వాళ్ల మాటలో కొంత నిజముందని ఒప్పుకుంటాం. గంటసేపూ తెలుగే నడిస్తే అది ఇంగ్లీషు తరగతి అనిపించుకోదు. వివరణ తెలుగులో చెప్పి, సగం సమయం ఇంగ్లీషును పైకి చదివించడానికీ రాయించడానికీ ఉంచాలి. 'ఇంగ్లీషు మీడియంలో వేస్తే పీడ వదులుతుంది కదా' అనేవాళ్లకు ఒకటే మాట: అక్కడి బిడ్డల కాపీలు తెరిచి చూడండి, 'సిన్స్ త్రీ డేస్' అక్కడా పలకరిస్తుంది.

విద్యాశాఖను మేము అడిగేవి కొండమీది కోతులు కావు. తెలుగు మీడియం తరగతులకు ఇంగ్లీషు చెప్పడానికి తెలుగు వచ్చినవారిని వేయండి. ఇంగ్లీషు పాఠ్యపుస్తకంలోని కొత్త మాటలకు తెలుగు అర్థాలతో ఒక చిన్న పుస్తకం అచ్చువేసి ఉచితంగా పంచండి. 2021లో మొదలైన ఇల్లం తేడి కల్వి పథకంలో వాలంటీర్లు సాయంత్రం పూట ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు పాఠాలు చెప్పారు. సాయంత్రపు తరగతి నడపవచ్చని ప్రభుత్వమే చూపించింది. అదే పద్ధతిలో పదో తరగతి ఇంగ్లీషును తెలుగులో చెప్పడానికి ఏ అడ్డూ లేదు.

ప్రభుత్వం కదిలేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. సిప్కాట్ పారిశ్రామికవాడ కంపెనీల్లో, బెంగళూరు ఆఫీసుల్లో పనిచేసే మన పడుచువాళ్లు ఆదివారం రెండు గంటలు ఊరి బడికో, గుడి మంటపానికో రండి. మీరు ఇంగ్లీషులో తడబడి నేర్చుకున్న చోట్లు మీకు గుర్తుంటాయి, ఆ చోట్లే చెప్పండి. శంకరనారాయణ ఇంగ్లీషు-తెలుగు నిఘంటువును ఊరికొకటి కొని పెట్టండి. ఫోనున్నవాళ్లకు ఆంధ్రభారతి వెబ్‌సైటులో అది ఉచితంగానే దొరుకుతుంది. తల్లిదండ్రులారా, మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. రాత్రి అన్నం తిన్నాక బిడ్డ పుస్తకం తీసుకుని ఒక పేరా చదివి, అదేమిటో మీకు తెలుగులో చెప్పమనండి. అంత చాలు.

ఈ కరపత్రం చదివినవారు రేపే మీ బడి అయ్యవారిని కలిసి పోయినేటి ప్రశ్నపత్రం ఒకటి అడిగి తెచ్చుకోండి. అందులో తప్పులు దిద్దే ప్రశ్నతో మొదలుపెట్టండి.